చేతబడి వెనుక చెయ్యి

పలమనేరు నుంచి ముళబాగిలుకు కొత్తగా కాపురానికి వచ్చిన ఒక తెలుగు అమ్మాయిని ఊహించుకోండి. పక్కింటి కన్నడ ఆవిడ గోడ మీదుగా వంగి, గొంతు తగ్గించి, "పాప, ఆ మనెగె యారో మాట మాడిసిద్దారె" అంటుంది. మన అమ్మాయికి అందులో రెండు ముక్కలు తెలిసినట్టే ఉంటాయి. పాప అంటే చంటిబిడ్డ అనుకుంటుంది. మాట అంటే మాటే అనుకుంటుంది. ఎవరో బిడ్డకు మాటలు నేర్పించారు కాబోలని సంతోషిస్తుంది కూడా. కానీ ఆ కన్నడ వాక్యానికి అర్థం వేరు. 'అయ్యో పాపం, ఆ ఇంటికి ఎవరో చేతబడి చేయించారు' అని. కన్నడంలో మాట్లాడే మాటను 'మాతు' అంటారు. 'మాట' అంటే చేతబడి.

రెండు భాషల మధ్య బతికే మనకు ఇలాంటి తికమకలు కొత్త కాదు. అయితే ఈ ఒక్క మాటను పట్టుకుని కొంచెం లోపలికి వెళితే చరిత్ర కనిపిస్తుంది. కన్నడంలో 'మాడు' అంటే చేయడం. మాడు నుంచి వచ్చింది మాట. తెలుగులో 'చేయు' నుంచి చేత, చేత నుంచి చేతబడి. కె.జి.యఫ్. కాలనీల్లో తమిళులు దీన్ని 'సెయ్‌వినై' అంటారు. 'సెయ్' అంటే చేయడం, 'వినై' అంటే పని. పోనీ సంస్కృతం చూద్దామా? అక్కడ 'కృత్య' అన్నారు, 'కృ' అంటే చేయడం. నాలుగు భాషలు, నాలుగు పదాలు, అర్థం మాత్రం ఒకటే: ఎవరో చేసిన పని.

ఇందులో విశేషమేముంది అని మీరు అడగవచ్చు. చాలా ఉంది. దయ్యం పట్టింది అంటే దయ్యాన్ని వదిలిస్తారు. గాలి సోకింది అంటే వేపమండ తిప్పుతారు. దిష్టి తగిలింది అంటే ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తారు, అంతటితో సరి. దిష్టి ఎవరిదైనా కావచ్చు, కన్నతల్లి కళ్ళే తగలవచ్చు. దానికి ఎవరూ పగబట్టి ఉండనక్కరలేదు. చేతబడి అలా కాదు. పని ఉందంటే చేసినవాళ్ళు ఉండాలి. కాబట్టి ఆ పదం పలికిన మరుక్షణం తరువాతి ప్రశ్న నోటి దగ్గరికి వచ్చేస్తుంది: ఎవరు చేశారు? ఈ ప్రశ్నకు జవాబు కోసం వెతికే చూపు ఎప్పుడూ దూరం పోదు. పక్కింటి దగ్గరో, తోడికోడలి దగ్గరో, పొలం గట్టు దగ్గరో ఆగుతుంది.

అమ్మవారి విషయంతో పోల్చి చూడండి. 1898లో ప్లేగు బెంగళూరుకు వచ్చి మైసూరు సీమంతా పాకినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసి జనం పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. ప్లేగు మారియమ్మ పేరుతో గుళ్ళు కూడా వెలిశాయి. మశూచి వస్తే 'అమ్మ పోసింది' అన్నారు. ఆ రోగాలు మనుషులను ఎంతగా చంపినా, అవి అమ్మ కోపమే గాని పక్కింటివాళ్ళ కోపం కాదు. ఊరంతా కలిసి జాతర చేసేవారు, తలా ఒక పడి బియ్యం వేసుకునేవారు. అమ్మవారు ఊరిని ఒక చోటికి చేర్చింది. చేతబడి అనే నమ్మకం ఊళ్ళో నుంచి ఒక ఇంటిని విడదీసింది. రెంటినీ మూఢనమ్మకం అనే ఒకే మూటలో కట్టేయడం చదువుకున్నవాళ్ళకు అలవాటు. నాకది సరిగా తోచదు.

ఈ భయం ఎంత పాతది? అథర్వవేదంలో శత్రువు చేసిన కృత్యను తిప్పికొట్టే మంత్రాలున్నాయి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం అభిచారం చేసినవాడికి 200 పణాల జరిమానా చెబుతుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకా తమాషాగా ఉంటుంది. పద్నాలుగో అధికరణంలో శత్రువుల మీద ప్రయోగించడానికి రకరకాల పొగలు, పొడులు, మంత్రాలు ఆయనే వివరంగా చెబుతాడు. నాలుగో అధికరణంలో మాత్రం, వశీకరణం చేస్తామని, కృత్యలు చేస్తామని రహస్యంగా డబ్బు సంపాదించేవాళ్ళ మీదికి గూఢచారులను పంపి, పట్టుకుని, దేశం నుంచి వెళ్ళగొట్టమంటాడు. రాజు చేస్తే రాజనీతి, ఊళ్ళోవాడు చేస్తే నేరం! అయితే ఒక్క సంగతి గమనించాలి. వాళ్ళను ఆయన దొంగచాటుగా సంపాదించేవాళ్ళ జాబితాలో చేర్చాడు. అంటే ఇది ఒక జీవనోపాధి అనీ, దీని వెనుక డబ్బు ఉందనీ ఆ కాలానికే తెలుసు.

మన ప్రాంతానికి వద్దాం. ముళబాగిలు అన్న పేరు 'మూడల బాగిలు' నుంచి వచ్చిందంటారు. తూర్పు వాకిలి అని అర్థం. నంగలి దాటితే ఆంధ్ర దేశం. ఈ వాకిలి గుండానే తిరుపతి యాత్రికులు నడిచారు. 1768లో హైదరాలీ సేనలూ ఇంగ్లీషువాళ్ళ సేనలూ ఇక్కడే తలపడ్డాయి. సైన్యాలతో, వర్తకులతో, యాత్రికులతో పాటు కథలు కూడా ఈ వాకిట్లో అటూ ఇటూ తిరిగాయి.

ఆ కథల్లో మాంత్రికుడు ఎక్కడివాడో గమనించారా? బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ. 1951లో వచ్చిన పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు. పల్లెల్లో పెద్దలు చెప్పే కథల్లో మలయాళ మాంత్రికుడు. కన్నడిగులను అడిగితే కొళ్ళేగాల పేరు చెబుతారు. భానామతి అనే పేరు మరాఠీలోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. తెలంగాణలో అదే బాణామతి అయింది. గోదావరి వైపు వెళితే చిల్లంగి అంటారు. ఎవరి కథలో చూసినా మాంత్రికుడు పొలిమేర అవతలివాడే. మనకు తెలియని భాష మాట్లాడేవాడికి మనకు తెలియని మంత్రాలు వస్తాయని జనం నమ్ముతారు. మరి మనం పొలిమేర మీదే కాపురముంటున్నాం. అటువాళ్ళకు మనం అవతలివాళ్ళం, మనకు వాళ్ళు అవతలివాళ్ళు. కథలో మాంత్రికుడు దూరదేశం వాడు, నిజంగా నింద పడేది మాత్రం నాలుగిళ్ళ అవతల ఉన్న ముసలమ్మ మీద. ఈ తేడాను మనసులో పెట్టుకోండి.

మనుషులు ఎందుకు నమ్ముతారు అనే ప్రశ్నకు తెలివి లేక అని చెప్పడం సులువు. ఇంగ్లండుకు చెందిన మానవశాస్త్రవేత్త ఇవాన్స్ ప్రిచర్డ్ ఆఫ్రికాలోని అజాందే అనే జాతి మధ్య కొంతకాలం ఉండి 1937లో ఒక పుస్తకం ప్రచురించారు. అందులో ధాన్యపు గాదె సంగతి ఒకటి ఉంది. గుంజల మీద నిలబెట్టిన గాదె నీడలో జనం మధ్యాహ్నం వేళ కూర్చుంటారు. ఒక్కోసారి గాదె కూలి కింద ఉన్నవాళ్ళకు దెబ్బలు తగులుతాయి. గుంజలకు చెద పట్టిందని అజాందేలకు తెలియదా? బాగా తెలుసు. ఎండకు నీడలో కూర్చున్నారనీ తెలుసు. కానీ వాళ్ళు అడిగే ప్రశ్న వేరు. సరిగ్గా ఈ మనుషులు కూర్చున్న సమయంలోనే ఆ గాదె ఎందుకు కూలాలి? ఈ రెంటినీ కలిపింది ఎవరు? అక్కడికి వాళ్ళు మంత్రవిద్యను తెస్తారు.

ఇది ఆఫ్రికా ప్రశ్న మాత్రమేనా? ఊళ్ళో అందరూ తాగే బోరు నీళ్ళే తాగాం, నా బిడ్డ కాళ్ళే ఎందుకు వంకర పోయాయి? ఈ ప్రశ్న ముళబాగిలు, శ్రీనివాసపుర, బాగేపల్లి తాలూకాల తల్లులది కూడా. మన నేలలో ఫ్లోరైడు ఎక్కువ. బోర్లు వెయ్యి అడుగులు దాటి లోతుకు పోయిన కొద్దీ నీళ్ళలో అది పెరిగింది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. దాటితే ముందు పళ్ళు గోధుమరంగు తిరుగుతాయి, తరువాత కీళ్ళు బిగుస్తాయి, వెన్ను వంగుతుంది. ఒకే ఇంట్లో ఒకరికి ఎక్కువగా, ఒకరికి తక్కువగా రావచ్చు. తినే తిండి, ఒంటి తీరు, తాగే నీళ్ళ కొలత, అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. ఇదంతా తెలియని కాలంలో, నిన్నటిదాకా గెంతిన మనిషి ముడుచుకుపోతుంటే ఏమనుకోవాలి? గనుల సంగతీ అంతే. 2001 ఫిబ్రవరిలో మూతపడేదాకా ఒక శతాబ్దానికి పైగా మన పల్లెల మగవాళ్ళు కె.జి.యఫ్. గనుల్లోకి దిగారు. ఛాంపియన్ రీఫ్ గని భూమికి మూడు కిలోమీటర్ల లోతు దాటింది. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ళ తరువాత దగ్గుగా బయటపడేది. దగ్గుతో ఇల్లు చేరిన మనిషి ఏడాది తిరగకుండా పిట్టలా చిక్కిపోతే, రాతి పొడి కంటికి కనిపించదు, పొలం తగాదాలో ఉన్న దాయాది మాత్రం కనిపిస్తాడు.

ఇక మంత్రగాడు చేసేదేమిటి? అతని నైపుణ్యం మంత్రంలో కంటే ప్రశ్నల్లోనే ఉందని నా అభిప్రాయం. "మీకు దగ్గరివాళ్ళే. ఆడమనిషి. పైకి నవ్వుతూ మాట్లాడుతుంది. మీ ఇంట్లో అన్నం తిన్న చెయ్యే." ఈ వర్ణనకు సరిపోయే మనిషి లేని ఇల్లు మన జిల్లాలో ఎక్కడైనా ఉందా? పేరు అతను చెప్పడు. వచ్చినవాళ్ళే చెబుతారు. చెప్పి, అతనికి ఎంత శక్తి ఉందో అని ఆశ్చర్యపోతారు.

మందు పెట్టారనే నమ్మకం ఒకటి ఉంది. కన్నడంలో కైమద్దు అంటారు. అన్నంలోనో, తాంబూలంలోనో ఏదో కలిపి పెట్టారనీ, అది కడుపులో ఉండిపోయి మనిషిని కరిగిస్తుందనీ నమ్మకం. దాన్ని కక్కించేవాళ్ళుంటారు. ఆకు పసరో, ఉప్పు నీళ్ళో తాగిస్తే ఎవరికైనా వాంతి అవుతుంది. అందులో వెంట్రుకల ఉండ ఒకటి కనిపిస్తుంది. కొందరు గొట్టం పెట్టి పీల్చి, తమ నోట్లో ముందే దాచుకున్నదాన్ని బయటికి ఉమ్మి చూపిస్తారు. చూసినవాళ్ళకు కడుపు తేలికయినట్టే ఉంటుంది. కానీ లోపల ఉన్నది కడుపులో పుండో, క్షయో, కామెర్లో అయితే అది ఎక్కడికీ పోలేదు. వెంట్రుకల ఉండను చూసి తృప్తిపడిన నెలలే డాక్టరుకు కావలసిన నెలలు.

తేలు మంత్రానికి పేరు రావడానికి కారణం ఇంకా సులువు. కోలారు కోలారమ్మ గుడిలో చేలమ్మ ఉంది, తేళ్ళ అమ్మవారు. కన్నడంలో చేళు అంటే తేలు. చోళుల కాలం నాటి గుడి అది. ఆ అమ్మకు మొక్కుకుంటే తేలు కాటు భయం ఉండదని మన తాతల నమ్మకం. ఆ మొక్కు వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ తేలు మంత్రం వేరు. ఎక్కువ తేలు కాట్లకు నొప్పి కొన్ని గంటల్లో దానంతట అదే తగ్గుతుంది. మంత్రం వేసినా తగ్గుతుంది, వేయకపోయినా తగ్గుతుంది. పేరు మంత్రానికి వస్తుంది. ఎర్ర తేలు పసిబిడ్డను కుట్టినప్పుడు మాత్రం లెక్క తప్పుతుంది. గుండె మీద పని చేసే విషం అది. అప్పుడు మంత్రగాడు, "ఆలస్యంగా తెచ్చారు" అంటాడు.

ఇన్ని మాటలు చెప్పుకున్నాం గనుక కొంచెం నవ్వుకునే ముచ్చట ఒకటి. నేను హైస్కూలు చదివే రోజుల్లో, అంటే 1990ల్లో, కర్ణాటకంతా 'నాళె బా' అనే గాలివార్త పాకింది. రాత్రివేళ ఒక ఆడ దయ్యం తలుపు తట్టి, మనవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. తలుపు తీస్తే చావేనట. అందుకని తలుపు మీద 'నాళె బా' అని రాసేవారు. రేపు రా అని అర్థం. దయ్యం వచ్చి చదువుకుని, సరేలెమ్మని వెళ్ళిపోతుంది. మరునాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుంది. తెలుగు నేల మీద ఇదే 'ఓ స్త్రీ రేపు రా' అయింది. మా పొలిమేర ఊళ్ళలో కొందరు జాగ్రత్తపరులు రెండు లిపుల్లోనూ రాశారు, దయ్యం ఏ మీడియంలో చదివిందో ఎవరికి తెలుసు! ఊళ్ళో సగం మందికి సంతకం రాని రోజుల్లో దయ్యానికి మాత్రం చదువు వచ్చునని అందరూ నమ్మారు.

ఆ గాలివార్తలో ఒక మేలు ఉంది. ఆ దయ్యానికి ఊళ్ళో ఇల్లు లేదు, పేరు లేదు. కాబట్టి సుద్దముక్కతో పని అయిపోయింది. ఇల్లూ పేరూ ఉన్నప్పుడు ఏమవుతుందో చరిత్రలో ఉంది.

యూరపులో సుమారు 1450 నుంచి 1750 వరకు మంత్రగత్తెలని ముద్ర వేసి చంపినవాళ్ళ సంఖ్య నలభై వేల నుంచి అరవై వేల దాకా ఉంటుందని చరిత్రకారుల అంచనా. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. అమెరికాలో సేలం అనే ఊళ్ళో 1692లో పంతొమ్మిది మందిని ఉరి తీశారు, ఒకరిని రాళ్ళ బరువు కింద అణచి చంపారు. వాళ్ళను చంపింది మూక కాదు, కోర్టు. తరువాత కాలం మారింది. 1735లో ఇంగ్లండు పార్లమెంటు చట్టాన్ని తలకిందులు చేసింది. మంత్రగత్తె కావడం నేరం కాదు, మంత్రశక్తి ఉందని నటించి జనాన్ని మోసగించడమే నేరం అన్నది. కౌటిల్యుడు ఎక్కడ వేలు పెట్టాడో చివరికి వాళ్ళూ అక్కడికే వచ్చారు.

మన దేశంలో ఆ మార్పు ఇంకా సాగుతూనే ఉంది. జాతీయ నేర రికార్డుల విభాగం లెక్కల ప్రకారం మంత్రవిద్య కారణంగా 2021లో 68 మంది, 2022లో 85 మంది హత్యకు గురయ్యారు. 2022 జనవరిలో తెలంగాణలోని జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ ఒకే రోజు చంపారు. నింద పడేవాళ్ళు ఎవరని చూడండి. ఒంటరి వితంతువు, పిల్లలు లేని ఆడమనిషి, కులంలో కింద ఉన్నవాడు, నాటువైద్యం తెలిసిన ముసలివాడు. చాలాసార్లు వెనకాల ఒక ఎకరా పొలమో, తీర్చని అప్పో ఉంటుంది. వితంతువు ఊరు విడిచిపోతే ఆ పొలం ఎవరికి దక్కుతుందో మీరే ఆలోచించండి.

చదువు వస్తే ఇదంతా పోతుందని నా వృత్తిలో ఉన్నవాళ్ళం తరచు అంటూ ఉంటాం. 2021 జనవరిలో మనకు దగ్గర ఊరైన మదనపల్లెలో ఇద్దరు ఎదిగిన కూతుళ్ళను చంపారన్న అభియోగంపై అరెస్టయిన తల్లిదండ్రులు పెద్ద చదువులు చదివి, చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్ళు. పిల్లలు తిరిగి బతికి వస్తారని నమ్మారట. ఆ వార్త చదివిన రోజు మా స్టాఫ్ రూములో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ప్రశ్నించడం చదువులో ఒక భాగం కావాలని పట్టుబట్టిన మనిషి మన జిల్లాలోనే పుట్టారు. అప్పటి కోలారు జిల్లా గౌరిబిదనూరు తాలూకా హోసూరుకు చెందిన హెచ్. నరసింహయ్యగారు. బీద కుటుంబంలో పుట్టి, అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి, బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరు అయ్యారు. 1976లో ఆయన మహిమలనూ మూఢనమ్మకాలనూ పరీక్షించడానికి విశ్వవిద్యాలయం తరఫున ఒక కమిటీ వేశారు. విశ్వవిద్యాలయానికి ఇది పనా అని అప్పట్లో చాలామంది కోప్పడ్డారు. ఆయన 2005లో కన్నుమూశారు. 2017లో కర్ణాటక శాసనసభ అమానుష దురాచారాలు, వామాచారాల నిరోధక చట్టాన్ని ఆమోదించింది. అది 2020 జనవరిలో అమలుకు వచ్చింది. ఈ చట్టం గుడికి పోవద్దనలేదు, ప్రదక్షిణలు చేయవద్దనలేదు, హరికథ వినవద్దనలేదు. భానామతి, మాట పేరుతో మనుషులను భయపెట్టడాన్నీ, దయ్యం వదిలిస్తామని కొట్టడాన్నీ, పాము తేలు కుక్క కరిచినవాళ్ళను ఆసుపత్రికి పోనివ్వకుండా మంత్రం వేయడాన్నీ నేరం చేసింది. ఏడేళ్ళ దాకా జైలు పడవచ్చు.

చట్టం ఒక ఎత్తు, ఇంట్లో మనిషి అర్ధరాత్రి లేచి కేకలు వేస్తున్నప్పుడు ఏం చేయాలన్నది మరో ఎత్తు. చింతామణి తాలూకా మురుగమల్ల దర్గాకు హిందువులూ ముస్లింలూ ఇలాంటి బాధలతోనే పోతారు. అక్కడికి పోయేవాళ్ళను నేను ఎగతాళి చేయను. ఇంటిల్లిపాదీ కలిసి తోడు పోవడంలో, రోగిని నలుగురి మధ్య కూర్చోబెట్టడంలో కొంత ఊరట ఉంది. గొలుసు వచ్చిన చోటే ఆగాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టుపక్కల నడిచే ఆశ్రమాల్లో ఒకదానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని ఎక్కడైనా, ఎవరైనా చేయకూడదని నిషేధించింది.

మొక్కు తీర్చుకున్న తరువాతైనా సరే, తీర్చుకోకముందైనా సరే, బెంగళూరు బస్సెక్కితే నిమ్హాన్స్ ఉంది. ముళబాగిలు నుంచి తొంభై, వంద కిలోమీటర్లు. అంత దూరం పోలేనివాళ్ళు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. టెలిమానస్ అంటారు దాన్ని. 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బులేమీ పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు. మీరు తెలుగులో మాట్లాడవచ్చు, కన్నడంలోనూ మాట్లాడవచ్చు. ఎప్పటి నుంచి నిద్ర లేదు, ఏం తింటున్నారు, ఇంతకుముందు ఇలా జరిగిందా అని అడుగుతారు. ఎవరు చేశారని మాత్రం అడగరు.